వెడల్పు టైర్లు వేయాల్సింది వెనక కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో కుర్రాళ్ల కార్ల సరదా గురించి రాస్తూ ఒక ఫొటో వేశారు. చిన్న కారు, వెనక రెండు చక్రాలకు ఇంతలేసి వెడల్పు టైర్లు, కింద 'డ్రాగ్ రేసుకు సిద్ధం' అని వ్యాఖ్య. డ్రాగ్ రేసంటే నిలబడ్డ చోటి నుంచి తిన్నటి దారిలో దూసుకెళ్లే పందెం. మా సొంతూరు నెల్లూరు జిల్లా కావలి. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ చెన్నై పూనమల్లిలో టైర్ల షాపు నడుపుతున్నాను. ఆ కారును లాగేది ముందు చక్రాలండీ. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే బరువు వెనక్కి వాలి, ముందు టైర్లు తేలికై ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. పట్టు కావాల్సింది అక్కడ. వెనకవి ఊరికే దొర్లుతూ వస్తాయి, అవి సన్నగా ఉంటేనే మేలు.

మంగళవారమే ఒంగోలు అబ్బాయి ఒకడు ఆ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని స్విఫ్ట్‌తో దిగాడు. సిరుసేరిలో ఉద్యోగమట. 17 అంగుళాల అల్లాయ్‌లు, అంటే మిశ్రమ లోహపు చక్రాలు, కావాలన్నాడు, పికప్ కోసం! వాదించకుండా అతని 14 అంగుళాల ఇనుప చక్రాన్నీ, అతనడిగిన అల్లాయ్‌నీ టైర్లతో సహా కాటా మీద పెట్టాను. ఒక్కో చక్రానికి ఐదు కిలోలు ఎక్కువ తేలింది. పైగా ఆ బరువంతా అంచు వైపే. పెద్ద తిరగలిని మొదట కదిలించడం ఎంత కష్టమో మా అమ్మనడిగినా చెబుతుంది. డ్రాగ్ పందెమంటే సాధారణంగా 402 మీటర్లు, అందులో మొదలే ముఖ్యం.

అతని కారుకు కంపెనీ ఇచ్చిన సైజు 165/80 ఆర్14. అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. మొత్తం నిలువు దాదాపు 620 మిల్లీమీటర్లు. అదే రిమ్ముకు 185/60 వేస్తే 578కి దిగుతుంది. చక్రం చిన్నదైతే ప్రతి గేరులోనూ లాగుడు పెరుగుతుంది. కాకపోతే స్పీడోమీటర్ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది, మా వీధి స్పీడ్ బ్రేకర్లకు కింద గీసుకుంటుంది కూడా. పందెం రోజు ముందు టైర్లలో గాలి రెండేసి పాయింట్లు (పీఎస్ఐ) తగ్గించి చూసుకోవాలి. టైరుకు అడ్డంగా చాక్‌పీస్ గీత గీసి నాలుగడుగులు నడపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపాలి, ఇది మాత్రం ఎవరూ చేయరు.

సెకండ్ హ్యాండ్ టైర్లు చవగ్గా దొరికాయని ఇంకొకరు తెచ్చారు. టైరు పక్క గోడ మీద 1517 అని ఉంది, అంటే తయారైంది 2017లో పదిహేనో వారం. రబ్బరు చెక్కలా గట్టిపడిపోయింది, ఇక పట్టెక్కడిది?

నా తప్పూ ఒకటి చెప్పాలి. షాపు పెట్టిన కొత్తలో, ఎదురెదురు బోల్టుల మధ్య 98 మిల్లీమీటర్లు ఉండే ఫియట్ రిమ్ములను 100 ఉండే కారుకు బిగించి పంపాను. నట్లు బిగుసుకున్నాయి కదా అనుకున్నాను. తాంబరం దాటకుండానే ఫోన్ వచ్చింది, స్టీరింగ్ వణుకుతోందని. ఎవరికీ ఏం కాలేదు, నా అదృష్టం.

గాడులు లేని రేసు టైర్లతో రోడ్డెక్కకూడదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టమే ఒప్పుకోదు, మన నవంబరు వానలో అసలే ఒప్పుకోదు. అర్ధరాత్రి ఈసీఆర్‌ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పందేలకు ఎగబడేవాళ్లకు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉందని, అక్కడ డ్రాగ్ పోటీలు కూడా జరుగుతాయని మీ వ్యాసంలో ఒక్క ముక్క రాయాల్సింది.

ఒంగోలు అబ్బాయి చివరికి ముందుకు రెండు మెత్తటి టైర్లే కొన్నాడు. నాలుగు అల్లాయ్‌ల బేరం నాకు పోయింది. వచ్చే ఆదివారం ఆ ఫొటో కింద వ్యాఖ్యనైనా సరిదిద్దండి.

– ఒక టైర్ల షాపు యజమాని, పూనమల్లి, చెన్నై