అశోక్‌నగర్ పిల్లల గురించి పోలీసు ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. మా అన్న కొడుకు నాలుగేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. పోయిన నెల ఒక ధర్నాలో వాణ్ని పట్టుకుపోయి, రాత్రిదాకా ఠాణాలో కూర్చోబెట్టి, తీవ్ర భావాలున్నోడని జాబితాలో రాసుకున్నారట.

వాడి గది నేను చూశాను. మూడు మంచాలు పట్టే చోట ఐదుగురు. గోడకు మేకు, దానికి బట్టల సంచి, కింద కరెంట్ అఫైర్స్ కాగితాల కట్ట. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. అద్దె పంపడానికి మా అన్న పత్తి చేను మీద అప్పు తెచ్చాడు.

2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే, దాన్నీ హైకోర్టు రద్దు చేసింది. అప్పటిదాకా రాజకీయాల ఊసెత్తని పిల్లాడు ఆ తర్వాతే మీటింగులకు పోవడం మొదలుపెట్టాడు. అక్కడ వాణ్ని పేరు పెట్టి పిలిచారు, తిన్నావా అని అడిగారు. ఈ నగరంలో ఆ మాట అడిగింది వాళ్లే.

2009లో తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా యూనివర్సిటీలో లాఠీదెబ్బలు తిన్నవాళ్లలోనూ ఇలాంటి పల్లె పిల్లలే ఎక్కువ. ఆ ఉద్యమ కేసులెన్నో రాష్ట్రం వచ్చాక ప్రభుత్వమే ఎత్తేసింది.

రాయి విసిరితే శిక్షించండి, నేను అడ్డురాను. నినాదమిచ్చినందుకు మాత్రం కేసు పెట్టకండి. రేపు కొలువొచ్చినా పోలీసు వెరిఫికేషన్‌లో ఆ ఎఫ్‌ఐఆర్ అడ్డం పడుతుంది. అప్పుడు వాడికి మిగిలేది ఆ మీటింగులొక్కటే. దయచేసి వాడి పేరు ఆ జాబితాలోంచి తీసెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డు బడిపంతులు