బసవపురాణాన్ని చెవికి పరిచయం చేయండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ సాహిత్య పుటలో ఆదికవి ఎవరన్న చర్చ ఏటా ఒకటి రెండు సార్లయినా నడుస్తుంది. నన్నయ పక్షం వారూ, పాల్కురికి సోమనాథుని పక్షం వారూ శ్రద్ధగానే రాస్తారు. అయితే ఆ వ్యాసాలన్నీ చదివిన తరువాత కూడా, సోమనాథుడు రాసిన బసవపురాణం ఎలా ఉంటుందో, అందులో ఏముందో తెలియని పాఠకుడు తెలియకుండానే మిగిలిపోతున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, ఆ కావ్యాన్నీ దాని కర్తనూ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

సోమనాథుని ఊరు నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. పోతనామాత్యునిదని చెప్పుకునే బమ్మెర కూడా ఆ మండలంలోనిదే. తండ్రి విష్ణురామిదేవుడు, తల్లి శ్రియాదేవి. ఆయన కాకతీయుల కాలం వాడన్నది అందరూ ఒప్పుకున్న మాటే గానీ, 1158 నుంచి 1195 దాకా ఏలిన మొదటి ప్రతాపరుద్రుని నాటివాడా, 1289లో సింహాసనమెక్కిన రెండవ ప్రతాపరుద్రుని నాటివాడా అన్న విషయంలో పండితులు రెండుగా చీలిపోయారు. ఎటు చూసినా, కన్నడ దేశంలో కల్యాణ పట్టణంలో బసవేశ్వరుడు రగిలించిన వీరశైవం, అంటే శివుణ్ణి తప్ప మరొకరిని కొలవని భక్తి మార్గం, తెలుగు నేల మీద ఊరూరా పాకుతున్న రోజులవి. కల్యాణాన్ని ఏలిన బిజ్జలుని కొలువులో దండనాయకుడై ఉండి కూడా కులం చూడకుండా శివభక్తులందరికీ మొక్కిన ఆ బసవని చరిత్రను ఏడు ఆశ్వాసాల ద్విపద కావ్యంగా, అంటే రెండేసి పాదాలుగా సాగే పాట లాంటి ఛందస్సులో, సోమన కూర్చాడు. మధ్యలో ఎందరెందరో భక్తుల కథలు గుదిగుచ్చాడు. నిజానికి కావ్యానికి ప్రాణం ఆ చిన్న కథలే.

తాను ద్విపదను ఎందుకు ఎంచుకున్నాడో ఆయనే చెప్పాడు:

ఉరుతర గద్య పద్యోక్తుల కంటె
సరసమై పరగిన జాను దెనుంగు
చర్చింపఁగా సర్వసామాన్య మగుటఁ
గూర్చెద ద్విపదలు కోర్కి దైవార

పెద్ద పెద్ద గద్యపద్యాల కంటే జాను తెనుగు, అంటే జనం మాట్లాడే తేట తెలుగు, సరసమైనదీ, అందరికీ అందేదీ కనుక ద్విపదలు కూరుస్తున్నానని భావం. రెండో పాదాన్ని ఒక్కసారి పైకి చదివి చూడండి: సరసమై, పరగిన, జానుదె, నుంగు. మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. మూడో గణం మొదట ‘జా’ దగ్గర, పాదం మొదటి అక్షరానికి జోడుగా, యతి పడగానే గొంతు దానంతటదే ఒక ఊపు తీసుకుంటుంది. తాళాలు పట్టుకున్న వాడికి ఇంతకన్నా వేరే సంగీతం అక్కర్లేదు. రాజు కొలువులో వ్యాఖ్యానం చెబితే తప్ప అర్థం కాని, గద్యం పద్యం కలిపి రాసే చంపూ పద్ధతిని పక్కన పెట్టి, గుడి ముందు కూర్చున్న జనం పాడుకునే పదాన్ని పురాణానికి ఎత్తుకోవడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

దానికి ఆయన చెల్లించిన మూల్యం ఎలాంటిదో తరువాతి కాలపు పిడుపర్తి సోమనాథుడు చెప్పాడు. ఈయన బసవపురాణాన్ని పద్యకావ్యంగా తిరిగి రాసినవాడు. ఓరుగల్లు శివాలయంలో భక్తులు గుమిగూడి బసవపురాణం వింటుంటే, గుడికి వచ్చిన ప్రతాపరుద్రుడు అదేమిటని అడిగాడట. పక్కనున్న ఒక బ్రాహ్మణుడు, పాలకురికి సోముడనే పతితుడు ఈ మధ్య పెనచిన ద్విపద అది, ప్రమాణం కాదు అన్నాడట. రాజు వినకుండానే వెళ్లిపోయాడు. ఇది చరిత్రా, ఐతిహ్యమా అన్నది వేరే సంగతి. జనం పాడుకునే దేశి కవిత్వాన్ని వినకముందే తోసిపుచ్చే అలవాటు మనలో ఎంత పాతదో ఆ కథ చెబుతుంది.

ఇక కథలు. బెజ్జ మహాదేవి ఒక మామూలు స్త్రీ. అందరికీ తల్లి ఉంది, శివుడికి లేదే అని ఆమెకు దిగులు పట్టుకుంటుంది. ‘తల్లి గల్గిన నేల తపసి కానిచ్చు’, ‘తల్లి యున్న విషంబు ద్రావ నేలిచ్చు’ అంటూ వాపోతుంది. కన్నతల్లే ఉంటే కొడుకును జడలు కట్టనిస్తుందా, పాములు వేసుకోనిస్తుందా, వల్లకాటికి పంపుతుందా? అంతటితో ఊరుకోక తానే తల్లి అయిపోతుంది. లింగమూర్తిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె అంటి, ఒళ్లు పిసికి, నీళ్లు పోసి, వెన్న పెట్టి పెంచుతుంది. ఆమెను పరీక్షించడానికి శివుడు పసిపిల్లలకు గొంతులో వచ్చే అంగిటిముల్లు అనే జబ్బు వచ్చినట్టు నటించి పాలు తాగడం మానేస్తే, బిడ్డ దక్కడేమోనని ప్రాణం తీసుకోబోతుంది. మా ఊళ్లో శివరాత్రి జాగారానికి ఈ ఘట్టం చదివినప్పుడు, చదువు రాని ముసలమ్మలు పసిపిల్లకు నీళ్లు పోసే చోట ‘అవును, అట్లనే’ అంటూ చేతులు ఆడించడం నేను చూశాను. ఏ మాటకూ నన్ను అర్థం అడగలేదు.

మాదార చెన్నయ్య కథ మరొకటి. అంటరానివాడుగా ఊరు దూరం పెట్టిన ఆ భక్తుడు పెట్టిన అంబలిని శివుడు కడుపారా ఆరగించి, కరికాళ చోళుడు నైవేద్యం పెట్టిన రాజభోజనాన్ని ముట్టకుండా వదిలేస్తాడు. రాజు వెతుక్కుంటూ వెళ్లి చెన్నయ్య కాళ్ల మీద పడతాడు. అన్ని వందల ఏళ్ల క్రితం తెలుగులో ఈ మాట రాయగలిగిన గుండె ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అలాగని ఈ పురాణంలో అన్నీ మనం తలకెత్తుకోవలసినవేనని చెప్పను. జైనుల మీదా, పరమతాల మీదా అందులో కనిపించే ద్వేషం, భక్తి పేరిట జరిగే హత్యలు చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. వాటిని దాచకుండా, ఆనాటి మతవైరాల సందర్భం చెప్పి మరీ చదివించాలి.

1369లో భీమకవి దీన్ని కన్నడంలోకి తీసుకువెళ్లాడు. అంటే బసవని కథ కన్నడ నేల నుంచి తెలుగుకు వచ్చి, తెలుగు కావ్యంగా తిరిగి పుట్టింటికి వెళ్లిందన్నమాట. అక్కడి వారు ఇప్పటికీ దాన్ని ఆదరంగా చదువుకుంటారు. ఇక్కడ మా పిల్లలకు మాత్రం సోమన ఒక మార్కు ప్రశ్నగా మిగిలాడు. కవి పేరు, ఊరు, బిరుదు రాస్తే చాలు.

కనుక నా విన్నపం ఇది. ఆదివారం పుటలో బసవపురాణం నుంచి వారానికి పది పన్నెండు ద్విపదలు వేయండి. పాత మాటలకు పక్కనే అర్థం ఇవ్వండి, పాదాలను గణాల దగ్గర విడదీసి చూపండి, పైకి చదవమని పాఠకులకు చెప్పండి. బెజ్జ మహాదేవితో మొదలుపెడితే మంచిది. శివరాత్రికి నెల రోజుల ముందు మొదలైతే జాగారం నాటికి ఆ కథ పూర్తవుతుంది. అర్థాలు రాసిపెట్టే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
జనగామ జిల్లా