బరువు ఒక్కటీ చూసి కొంటే సరిపోదు

సంపాదకులు గారికి,

కాలేజీలు తెరిచే రోజులు వస్తే పత్రికల్లో ఎక్కడ చూసినా ల్యాప్‌టాప్ ప్రకటనలే. పెద్ద అక్షరాల్లో బరువు, ఇంకా పెద్ద అక్షరాల్లో ధర, మూలన "పది గంటల బేటరీ". ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి చదువుకో, కోచింగ్‌కో, సరుకు కొనుగోలుకో శ్రీకాకుళం, విశాఖ తిరిగే తెలుగువాళ్లకు బరువు చిన్న విషయమేమీ కాదు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ ఛార్జరుతో కలిపి రెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. 11.6 అంగుళాలది కిలోన్నర లోపే. సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం మీదుగా వెళ్లే బస్సులో నిలబడి వెళ్లేవాడి భుజానికి ఆ తేడా బాగానే తెలుస్తుంది. అయితే బరువుతో పాటు, ధరతో పాటు లోపల ఇంకేం తగ్గించారో మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలే ఉండదు.

మొదట నిల్వ సంగతి. తక్కువ ధరకు వచ్చేవాటిలో చాలావాటికి 64 జీబీ ఈఎంఎంసీ ఇస్తారు. ఇది చవక ఫోన్లలో వాడే రకం చిప్. బోర్డుకే టంకం వేసి అతికించేస్తారు, కాబట్టి తర్వాత తీసి పెద్దది వేయించుకునే దారి లేదు. 64 అని రాసినా విండోస్‌లో చూస్తే 58 జీబీ చిల్లరే కనిపిస్తుంది. అందులో పాతిక, ముప్పై జీబీ విండోస్ 11కే పోతుంది. ఆఫీసు, బ్రౌజరు, ఓ నాలుగు యాప్‌లు ఎక్కాక మిగిలేది పదిహేనో, ఇరవయ్యో. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌కు అదీ చాలదు. అప్పుడు ఇలా జరగవచ్చు: అప్‌డేట్ మొత్తం దిగుతుంది, చోటు లేక ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదటి నుంచి దిగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకు రోజు డేటా పొద్దున్నే అయిపోతే తప్పు సిమ్ కంపెనీది అనుకుంటారు. వైఫై సెట్టింగుల్లో ఆ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేస్తే ఈ దిగుమతి చాలావరకు ఆగుతుంది. ఇంట్లోనో, హాస్టల్లోనో మంచి వైఫై దొరికిన రోజు అప్‌డేట్ పెట్టుకోవచ్చు.

ఇప్పటికే ఇలాంటిది కొన్నవాళ్లు చోటు చేసుకోవడానికి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్‌కు వెళ్లాలి. పెద్ద అప్‌డేట్ తర్వాత పాత విండోస్ అక్కడే దాగి చాలా జీబీలు పట్టుకుని ఉంటుంది. పది రోజులకు దానంతట అదే పోతుంది గానీ ముందే తీసేయవచ్చు, పాత విండోస్‌కు తిరిగి వెళ్లే అవకాశం మాత్రం దానితోనే పోతుంది. ఒక్క జాగ్రత్త. ఆ జాబితాలోనే "డౌన్‌లోడ్స్" అని ఒక గడి ఉంటుంది. చెత్త అనుకుని అక్కడ టిక్ పెడితే మార్కుల జాబితాలు, ఆధార్ స్కాన్లు, దించుకున్న ఫారాలు అన్నీ ఒక్క నొక్కుతో పోతాయి. అప్పటికీ చోటు చాలకపోతే ఖాళీగా ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చండి. పెద్ద అప్‌డేట్ ఆ చోటును తాత్కాలికంగా వాడుకోగలదు, పని పూర్తయ్యేదాకా దాన్ని పీకకూడదు.

టంకం వేసిన నిల్వతో ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ చెప్పరు. మామూలు ల్యాప్‌టాప్ బోర్డు కాలిపోతే ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే విడి పలక) ఊడదీసి మరో దాంట్లో పెట్టి ఫైళ్లు తీసుకోవచ్చు. దానికి ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకు వేసే తాళం) ఉంటే మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండే 48 అంకెల రికవరీ కీ కావాలి, అంతే. ఈఎంఎంసీ ఉన్నదాంట్లో మాత్రం బోర్డుతో పాటే ఫైళ్లూ పోతాయి. అందుకని వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకోవడం ఈ రకం ల్యాప్‌టాప్‌లకు తప్పనిసరి.

ర్యామ్‌దీ (నడుస్తున్న పనులను పట్టే మెమరీ) ఇదే కథ. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ కనీస లెక్క చెప్తుంది. కనీసం అంటే బస్సు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే చోటని అర్థం, సీటు దొరికినట్టు కాదు. బ్రౌజరులో అయిదారు ట్యాబులు, ఒక ఆన్‌లైన్ క్లాసు తెరిస్తే 4 జీబీ నిండిపోతుంది. నిండినదంతా నెమ్మదైన ఈఎంఎంసీ మీదకు పొర్లుతుంది, మెషిన్ మొరాయించేది అక్కడే. 8 జీబీకి తక్కువ కొనవద్దు. 4 ఉన్నా "తర్వాత పెంచుకోవచ్చు" అని దుకాణంలో అంటే, అక్కడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కించండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కుడివైపు కింద చిన్న అక్షరాలుంటాయి. "స్లాట్స్" ఎదురుగా రెంటిలో ఒకటి వాడకంలో ఉందని చూపితే పెంచుకోవచ్చు. "ఫామ్ ఫ్యాక్టర్" దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అది టంకం వేసిన ర్యామ్, ఇక జన్మకింతే.

ప్రాసెసర్ గురించి ఒక్క మాట. ఇంటెల్ సెలెరాన్ ఎన్4020, ఎన్4500 రెండు కోర్లవి, కోరు అంటే లోపల పని చేసే ఒక్కో భాగం. 2023లో వచ్చిన ఎన్100 నాలుగు కోర్లది, కరెంటు తక్కువే తాగుతుంది. ధర కాస్త ఎక్కువైనా ఎన్100, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మూడూ ఉన్నదే నాలుగేళ్లు పనికొస్తుంది.

డబ్బా విప్పగానే "ఎస్ మోడ్"లో ఉందేమో చూసుకోవాలి. ఆ మోడ్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికేవే ఎక్కుతాయి. టాలీతో లెక్కలు రాసే షాపువాళ్లకూ, అను ఫాంట్లతో కరపత్రాలు వేసేవాళ్లకూ అది గోడలా అడ్డుపడుతుంది. స్టోర్‌లోకే వెళ్లి ఉచితంగా ఎస్ మోడ్ వదిలించుకోవచ్చు, తిరిగి పెట్టుకోవడం మాత్రం కుదరదు. తెలుగు టైపింగుకు వేరే ఏమీ కొనక్కర్లేదు. 2019 నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఒడియాదీ ఉంది. లాంగ్వేజ్ సెట్టింగుల్లో రెండూ చేర్చుకుని విండోస్ మీటతో స్పేస్ మీట కలిపి నొక్కుతుంటే ఇంగ్లిషు, తెలుగు, ఒడియా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒడియాలో దరఖాస్తు, తెలుగులో ఉత్తరం రాసుకునే మన ఊళ్లకు ఇంతకన్నా సుఖం లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో పిల్లలు ఇంకా "ఎలా ఉన్నావ్" అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకోవడం చూస్తే ఈ రెండు మీటల సంగతి బళ్లలో చెప్పాలనిపిస్తుంది.

ఛార్జరు దగ్గర కూడా మెషిన్లు పాడవుతుంటాయి. కొన్ని చవక మోడళ్ల అడాప్టరు 12 వోల్టులు, 2 ఆంపియర్లు ఇస్తుంది, అంటే 24 వాట్లు. మామూలు వాటిలో చాలావాటిది 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు, 65 వాట్లు. పిన్ను లావు ఒకటే కావడంతో పక్కగది అబ్బాయి ఛార్జరు "పట్టింది కదా" అని గుచ్చుతారు. 12 తీసుకునే చోట 19 వెళ్తే ఛార్జింగ్ సర్క్యూట్ మాడిపోవచ్చు, బోర్డే మార్చాల్సి రావచ్చు. పిన్ను కాదు, అడాప్టరు వీపు మీద "అవుట్‌పుట్" గీత చదవాలి. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు.

దీనికన్నా టైప్-సితో ఛార్జయ్యేది కొనడం మేలు. అయితే టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన అందులోంచి ఛార్జ్ కాదు, కొన్నింటిలో అది డేటాకే. దుకాణంలో 45 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) ఛార్జరు గుచ్చి, బేటరీ బొమ్మ పక్కన పిడుగు గుర్తు వస్తుందో లేదో చూడండి. ఆ ఛార్జరు మీద 5, 9, 15 వోల్టులతో పాటు 20 వోల్టులు, 2.25 ఆంపియర్లు అని కూడా ఉండాలి. చాలా ఫోన్ ఛార్జర్లు 20 దాకా వెళ్లవు, అందుకే వాటితో "స్లో ఛార్జర్" అని వస్తుంది, లేదా ఉలుకూ పలుకూ ఉండదు.

బేటరీ గంటలు ప్రకటన చూసి నమ్మొద్దు, వాట్ అవర్లు, అంటే బేటరీలో ఎంత కరెంటు పడుతుందో అడగండి. 38 వాట్ అవర్ల బేటరీ, సగటున 7 వాట్ల వాడకం అయితే అయిదు గంటల పైచిలుకు. వెలుతురు పూర్తిగా పెంచి వీడియో కాల్ చేస్తే మూడున్నరకు దిగినా ఆశ్చర్యం లేదు. గాలివానకు కరెంటు పోతే ప్లగ్ తీసేసి, వచ్చాక రెండు నిమిషాలు ఆగి పెట్టండి. అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, కాబట్టి లో వోల్టేజితో భయం లేదు. దెబ్బ తీసేది కరెంటు తిరిగొచ్చిన క్షణంలో వచ్చే వోల్టేజి ఉప్పెన.

సంచిలో పెట్టేటప్పుడు అడాప్టరు ముద్దను మూత మీద ఉండనివ్వకండి. పల్చటి మూత వెనక అద్దం తప్ప ఏమీ లేదు. రద్దీలో నొక్కుకుంటే మొదట తెల్లటి చుక్క, తర్వాత గీత, ఆపై స్క్రీన్ మార్పిడి. మూత తెరిచేటప్పుడు మూల పట్టుకుని లాగినా అంతే, బందుల కింద ప్లాస్టిక్‌లో దిగేసిన ఇత్తడి గుండీలు ఊడొస్తాయి.

కొత్తదానికి బడ్జెట్ చాలనివాళ్లు సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చూడవచ్చు. థింక్‌ప్యాడ్ ఎక్స్280, లాటిట్యూడ్ 7290 లాంటి 12.5 అంగుళాలవి కిలో మీద కొంచెమే. ఇంటెల్ అయితే ఎనిమిదో తరానికి ముందువి వద్దు, విండోస్ 11కు అవి అధికారికంగా పనికిరావు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. ఐ5-8250యూ అన్నప్పుడు గీత తర్వాతి 8 ఆ తరం. డబ్బు ఇచ్చే ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్ సీఎఫ్‌జీ" కలిపి కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ "బేటరీ రిపోర్ట్" కలిపి కొట్టండి (ఇంగ్లిషులో powercfg /batteryreport). తయారైన ఫైలులో డిజైన్ కెపాసిటీకీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీకీ తేడా చూసి బేరమాడండి. ఆన్ చేసినప్పుడు బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) పాస్‌వర్డ్ అడిగితే లేచి వచ్చేయండి.

చివరగా వారంటీ. "ఆన్‌సైట్" అంటే మనిషి ఇంటికొస్తాడనే గానీ, వాళ్ల జాబితాలో ఉన్న పిన్‌కోడ్లకే. "క్యారీ-ఇన్" అంటే మోసుకెళ్లాల్సింది మనమే. విశాఖలో కొన్నా, బరంపురంలో కొన్నా, శ్రీకాకుళం జిల్లాలో 532తో మొదలయ్యే పిన్‌కోడ్‌కు వచ్చే మనిషి పక్కనే గజపతి జిల్లాలో 761తో మొదలయ్యే పిన్‌కోడ్‌కు రాకపోవచ్చు. డబ్బు కట్టకముందే కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి. రాదంటే పాతపట్నంలో బంధువుల ఇంటి చిరునామా ఇచ్చుకోవచ్చా అనీ అదే ఫోన్లో అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం మరవకండి. కొన్ని కంపెనీల లెక్కలో వారంటీ ఫ్యాక్టరీ నుంచి సరుకు బయల్దేరిన రోజు నుంచే మొదలవుతుంది. కొన్న తేదీ బిల్లు వాళ్ల సైట్‌లో ఎక్కిస్తే దుకాణంలో మూలన పడివున్న నెలలు తిరిగి రావచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా