పసుపు గీతలతో లీన్ రాదు

సంపాదకులకు,

చిన్న, మధ్యతరహా పరిశ్రమల్లో లీన్ పద్ధతులు (వృథానూ నిల్వనూ తగ్గించి సరుకు ఆగకుండా సాగేలా చేసేవి) నేర్పే కార్యక్రమాలు చాలావరకు పని స్థలాన్ని శుభ్రంగా, క్రమంగా ఉంచే ఫైవ్ ఎస్‌తో మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. నేల మీద పసుపు గీతలు పడతాయి, పనిముట్ల బోర్డు గోడకెక్కుతుంది, ఫొటోలు ఫైల్లో చేరతాయి. మిషన్ల మధ్య సగం తయారైన సరుకు మాత్రం కదలదు. రోజుకు 500 పీసులు పంపే యూనిట్లో 6,000 పీసులు మధ్యలో ఆగి ఉంటే, ఈ రోజు లోపలికొచ్చిన ముడిసరుకు బయటపడటానికి 12 పనిదినాలు పడుతుంది. యజమాని పెట్టుబడి అన్నాళ్లూ అందులోనే ఇరుక్కుంటుంది.

ఆ గుట్టకు ముఖ్య కారణం సెటప్ సమయం, అంటే మిషన్‌ను ఒక జాబ్ నుంచి మరో జాబ్‌కు మార్చే సమయం. ప్రెస్‌లో పీసుకు ఆకారమిచ్చే అచ్చును, అంటే డైని, మార్చడానికి గంటన్నర పడుతుంటే, ఎక్కించిన డై మీద వెయ్యి కొట్టేద్దామనే ఎవరైనా అనుకుంటారు. 1969లో టయోటాలో 1000 టన్నుల ప్రెస్ మీద నాలుగు గంటలు పట్టే డై మార్పిడిని జపాన్ ఇంజనీరు షిగియో షింగో బృందం ముందు గంటన్నరకు, ఆ తర్వాత మూడు నిమిషాలకు తెచ్చింది. చిన్న యూనిట్లు మూడు నిమిషాలు సాధించక్కర్లేదు, పదిహేను చాలు.

పాత జాబ్ చివరి మంచి పీసు నుంచి కొత్త జాబ్ మొదటి మంచి పీసు దాకా పట్టే సమయమే సెటప్. దాన్ని వీడియో తీసి డై ఎక్కించే సెటరుతోనే కలిసి చూడాలి. డై తేవడం, స్పానర్ వెతకడం, సరిపడే బోల్టులు ఏరడం ప్రెస్ నడుస్తుండగానే ముగించాల్సిన పనులని అతనే చెబుతాడు. తర్వాత డైల అడుగున ప్లేట్లు బిగించి, అన్నిటికన్నా ఎత్తైన డైకి సమానంగా షట్ హైట్ (ప్రెస్ మూసుకున్నప్పటి డై ఎత్తు) తేవాలి. క్లాంపు పట్టే అంచు మందం కూడా ఒకటే ఉండాలి. బెడ్ మీద లొకేటింగ్ పిన్నులుంటే సుత్తితో తట్టి సెంటర్ చూసుకునే అవసరం పోతుంది. నిజానికి ఎక్కువ సమయం తినేది బిగింపు కాదు, ట్రయల్ పీసులూ సర్దుబాట్లూ.

సెటప్ 90 నిమిషాల నుంచి 15కి దిగితే, వెయ్యి బదులు 170 పీసుల బ్యాచ్ వేసినా పీసుకు పడే సెటప్ భారం పెరగదు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. మిగిలిన సమయంలో అదే సరుకు ఇంకా కొట్టి గుట్ట పెంచుతారు. ఆ సమయం మరిన్ని మార్పిడులకే వాడాలి. పీసు లెక్కన కూలి ఇచ్చేచోట ఇది అసలు సాగదు, ఎందుకంటే డై మార్చినప్పుడల్లా ఆపరేటర్ సంపాదన ఆగిపోతుంది. కాబట్టి ముందు కూలి లెక్క మార్చాలి.

కాన్‌బాన్ ఆ తర్వాతి మాట: బిన్‌కు ఒక కార్డు, ఖాళీ అయిన బిన్ కార్డు తిరిగొస్తేనే మళ్లీ నింపడం. రోజుకు 400 పీసులు వాడుతూ, తిరిగి నింపడానికి రెండు రోజులు పడుతుంటే, బిన్‌కు 80 చొప్పున, 20 శాతం అదనపు నిల్వ కలుపుకుని 12 కార్డులు చాలు. కార్డు లేకుండా ఒక్క బిన్ నింపినా ఆ లెక్క చెడుతుంది.

పెద్ద కొనుగోలుదారులు నెలాఖరున ఆర్డర్లు కుమ్మరిస్తే చిన్న యూనిట్ ఎంత చేసినా నిల్వ తప్పదు. వాళ్లు వారంవారీ షెడ్యూల్ ఇచ్చి దానికి కట్టుబడాలి. శిక్షణకు నిధులిచ్చే సంస్థలు ఫొటోలు పక్కనపెట్టి, శిక్షణకు ముందు సెటప్ ఎంత, ఆరు నెలల తర్వాత ఎంత అని అడగాలి.

— ఒక ప్రొడక్షన్ ఇంజనీరు