నాన్నా, ఇల్లు మాత్రం ఇప్పుడే అమ్మకండి

నెబ్రాస్కా,
అక్టోబర్ చివరి వారం

అమ్మా, నాన్నా,

మొన్న అమ్మ గొంతు విన్నాక ఇది ఫోన్లో తేలే సంగతి కాదనిపించింది. అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు అమ్మేసి, మునుగోడు దగ్గర మన ఊరికి వెళ్ళిపోవాలని నాన్న నిర్ణయించేశారట. పైగా నన్నే సాక్ష్యం చూపిస్తున్నారట. "అది షికాగో వదిలి పొలాల మధ్య హాయిగా ఉండటం లేదా? మనకేమైంది?" అని. నాన్నా, నన్ను సాక్షిని చేశారు కాబట్టి సాక్ష్యం కూడా నన్నే చెప్పనివ్వండి.

ముందు ఒక మాట. మేం పల్లె మీద ప్రేమతో ఇక్కడికి రాలేదు. మీ అల్లుడు షికాగోలో రెసిడెన్సీ, అంటే డాక్టర్ల పీజీ ట్రైనింగ్, చేసింది జె-1 వీసా మీద. ఆ వీసా మీద చదివిన డాక్టర్లు చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండి రావాలి, లేదంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేయాలి. కాన్రాడ్ 30 అంటారు దీన్ని, ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే అవకాశం. అమెరికా మారుమూల ఊళ్ళలో మనవాళ్ళు ఇంతమంది డాక్టర్లుగా కనబడటానికి ఇదో పెద్ద కారణం. ఇక మీకు నేను పంపే ఫోటోలంటారా, అవన్నీ ఎండ కాసిన రోజులవి. జనవరిలో గాలికి తలుపు తెరుచుకోకుండా బిగుసుకుపోయిన రోజు ఫోటో ఎవరు తీస్తారు?

మన ఊళ్ళో ఇళ్ళన్నీ ఒక్కచోట ఉంటాయి, పొలాలు చుట్టూ ఉంటాయి. రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే గోడ అవతల నుంచి పలుకుతారు. ఇక్కడ పొలం నడుమ ఒక ఇల్లు, మళ్ళీ ఎక్కడో మైలు దూరంలో ఇంకో ఇల్లు. ఎందుకిలా కట్టుకున్నారా అని మొదట్లో వింతగా ఉండేది. పక్క పొలం పెద్దాయన చెప్పాడు. 1862లో లింకన్ ప్రభుత్వం హోమ్‌స్టెడ్ చట్టం తెచ్చి మనిషికి 160 ఎకరాల దాకా ఇచ్చింది. షరతు ఏమిటంటే, ఆ భూమిలోనే ఇల్లు కట్టుకుని ఐదేళ్ళు ఉండి సాగు చేయాలి. దాంతో ఎవరి భూమిలో వాళ్ళు ఇల్లు వేసుకున్నారు. భూమినంతా మైలు చొప్పున చదరాలుగా కొలిచారు కదా, ఆ గీతల మీదే రోడ్లు పడ్డాయి, చాలావరకు కంకర రోడ్లు. (అంతకుముందు ఈ నేల పానీ తెగవాళ్ళది. ఆ సంగతి పెద్దాయన చెప్పలేదు, నేను లైబ్రరీలో చదివాను.)

ఆ లెక్కన మన ఊరే నయం, మనుషులుంటారు అంటారు మీరు. సరే. కానీ పోయిన దసరాకు వెళ్ళినప్పుడు మీరే చెప్పారు కదా, మన వాడలో సగం ఇళ్ళకు తాళాలున్నాయని. ఆ తాళాలు వేసినవాళ్ళంతా ఎక్కడున్నారు? ఎల్బీనగర్‌లో, వనస్థలిపురంలో, మీకు ఆటో దూరంలోనే ఉన్నారు. మీతో గోలీలాడిన వాళ్ళను కలుసుకోవడానికైతే మునుగోడు దాకా వెళ్ళనక్కర్లేదు.

ఇక ఆసుపత్రి. మీ అల్లుడు పనిచేసేచోట 25 మంచాలకు మించి ఉండకూడదు. ఇలాంటి చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు ప్రభుత్వం డబ్బు కాస్త ఎక్కువ ఇస్తుంది, బదులుగా ఆ పరిమితి పెట్టింది. గుండెపోటుతో ఎవరైనా వస్తే మనిషిని కాస్త నిలబెట్టి హెలికాప్టర్‌లో పెద్ద ఊరికి పంపిస్తారు. అంబులెన్స్‌లో వచ్చేది జీతగాళ్ళు కాదు, రైతులు, స్కూల్ టీచర్లు. ట్రైనింగ్ తీసుకుని సేవగా చేస్తారు. ఇప్పుడు మొక్కజొన్న కోతల రోజులు కాబట్టి ఫోన్ మోగితే కంబైన్ అక్కడే ఆపేసి పరుగెత్తుతారు. వాళ్ళంటే నాకు చాలా గౌరవం. కానీ ఎంత పరుగెత్తినా దూరం దూరమే. నాన్నా, మీకు స్టెంట్ వేశారు. ఇప్పుడున్న ఇంటి నుంచి పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉంటారు. ఊళ్ళో 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, నల్లగొండ తీసుకెళ్తుంది, అక్కడి నుంచి మళ్ళీ హైదరాబాదే కదా పంపేది? ఒకసారి రాత్రిపూట తమ్ముడి కారులో ఆ దారిన వెళ్ళి టైము చూసుకోండి.

నీళ్ళ గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే మా ఇల్లు మాకు నేర్పిన మొదటి పాఠం అదే. మాకు మున్సిపల్ నల్లా లేదు, బోరు. తాగితే నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఇల్లు అద్దెకిచ్చినాయన కూడా ముప్పై ఏళ్ళుగా ఇవే తాగుతున్నానన్నాడు. పిల్లలున్నారు కదా అని మీ అల్లుడు ల్యాబుకు పంపిస్తే నైట్రేట్ పరిమితి దాటి ఉంది. ఇక్కడి లెక్క, నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను కొలిస్తే, లీటరుకు 10 మిల్లీగ్రాములు. మొక్కజొన్నకు వేసే యూరియా లాంటి ఎరువులు, పశువుల దొడ్ల పేడ, ఇవన్నీ కిందికి ఇంకి బోరులో కలుస్తాయి. రంగు ఉండదు, వాసన ఉండదు. మరగబెడితే పోదు సరికదా, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. డబ్బా పాలు ఆ నీళ్ళతో కలిపి పడితే పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఒళ్ళు నీలంగా మారుతుంది. వంటింటి సింకు కింద ఆర్వో పెట్టించాం. తాగడానికి, వంటకు అవే వాడుతున్నాం.

నల్లగొండ మనిషికి నీళ్ళ గురించి నేను చెప్పడమేమిటి? బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల నానమ్మ నడుము చివరిదాకా అలా వంగిపోయి ఉండటం మనందరం చూశాం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టుకుంది, నల్లగొండ టెక్నిక్ అని. అలాంటి పేరు ఏ జిల్లాకూ రాకూడదు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తున్నాయి కదా అంటారు. వస్తున్నాయి, మంచిదే. పైపు పగిలిన రోజు, మోటారు కాలిన రోజు ఏం తాగుతారు? పెరట్లో బోరు ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది. రెండు నీళ్ళూ సీసాల్లో పట్టి పరీక్ష చేయించండి, ఫ్లోరైడ్‌తో పాటు నైట్రేట్ కూడా చూడమనండి. పత్తికి మనవాళ్ళు వేసే ఎరువేం తక్కువ కాదు.

ఊళ్ళో బత్తాయి తోట వేస్తారన్న సంగతి విన్నప్పుడు మాత్రం నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. కాపు పట్టడానికి నాలుగైదేళ్ళు, అన్నేళ్ళూ ఎండాకాలంలో తడి ఆగకూడదు. కరువు వచ్చినప్పుడు మన పక్క ఎంతమంది ఎండిపోయిన బత్తాయి చెట్లు కొట్టి కట్టెలకు అమ్ముకున్నారో నాకన్నా మీకే తెలుసు. 2018 నుంచి పొలాలకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక నీళ్ళు తోడటం తేలికైంది, కింద నీళ్ళుండాలి కదా! పక్కవాడు నాలుగు వందల అడుగుల బోరు వేస్తే మనం ఆరు వందలు, ఇదే మన లెక్క. బోర్లను అదుపులో పెట్టే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, ఆ చట్టం చూసి బోరు మానుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇక్కడ ఒకటి చూసి అసూయ పడ్డాను. ఈ రాష్ట్రంలో నీళ్ళను చూసుకోవడానికి 1972 నుంచి విడిగా జిల్లా బోర్డులున్నాయి, మొత్తం 23. రెవెన్యూ జిల్లాలు వేరు, ఇవి వేరు. నదులు పారే తీరును బట్టి హద్దులు గీశారు. బోర్డు సభ్యులను ఓటేసి ఎన్నుకుంటారు, అందులో చాలామంది రైతులే. నీళ్ళు తగ్గే చోట బోరుకు మీటరు పెడతారు, ఇన్నేళ్ళలో ఇన్ని అంగుళాలే తోడాలని కోటా ఇస్తారు. మా పక్క పెద్దాయన ఆ బోర్డును తిట్టని రోజు లేదు. తిడుతూనే మీటరు రీడింగు రాసుకుంటాడు. నేల కిందే ఓగలాల అనే పెద్ద భూగర్భ జలాశయం ఉంది, అది టెక్సాస్, కాన్సస్ వైపు బాగా పడిపోయిందట, ఇక్కడ చాలావరకు నిలబడి ఉంది. అదృష్టం కొంత, మీటరు కొంత. పొలం నడుమ ఇనుప చెయ్యి లాంటిది గుండ్రంగా తిరుగుతూ తడుపుతుంది, పివట్ అంటారు. విమానంలోంచి చూస్తే నేలంతా పచ్చటి గుండ్రాలే. వచ్చే జూన్‌లో వచ్చినప్పుడు చూద్దురుగాని.

ఇంత చెప్పాక, మరి నువ్వెందుకున్నావక్కడ అని అడుగుతారు. బాగుంది నాన్నా, అదీ నిజమే. పెద్దాడికి దగ్గు తగ్గింది. చిన్నది పురుగును చూసి ఏడ్వడం మానేసి పేర్లు పెడుతోంది. ఇక్కడ పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలు కారు నడుపుకుంటూ బడికి వెళ్ళడానికి పర్మిట్ ఇస్తారు, పెద్దాడు ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటున్నాడు, నాకు గుండెల్లో రాయి పడుతోంది. మార్చిలో ప్లాట్ నది మీదికి లక్షల కొద్దీ శాండ్‌హిల్ కొంగలు దిగుతాయి, తెల్లారుజామున వాటి అరుపులకు మాట వినబడదు. వచ్చిన కొత్తలో చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే వంటలు తెచ్చిచ్చారు. సగం బీఫ్ వంటలే. మేం బీఫ్ తినం అని చెప్తే ఎవరూ నొచ్చుకోలేదు, మర్నాడు యాపిల్ పై వచ్చింది. నేను పులిహోర పంపిస్తే చర్చిలో విందుకు మళ్ళీ చేయమన్నారు.

అమ్మా, బతుకమ్మ ఫోటో చూశావు కదా. ఆ పసుపు పువ్వు తంగేడు అనుకున్నావు. గోల్డెన్‌రాడ్ అది, సరిగ్గా మన పండగ రోజులకే రోడ్ల పక్కన విరగపూస్తుంది. తంగేడు మనకు రాష్ట్ర పుష్పం, వీళ్ళకు ఇది రాష్ట్ర పుష్పం. గునుగు లేదు, తెల్ల చామంతితో సరిపెట్టాం. దూరాల నుంచి వచ్చిన తెలుగువాళ్ళం కలిసి పెద్దాయన పొలంలో చెరువు దగ్గర ఆడాం. ఆయన ట్రాక్టర్ మీద కూర్చుని చివరిదాకా చూశాడు.

కానీ ఇవన్నీ రెండో ఏడు కబుర్లు. మొదటి చలికాలం మీకెవరికీ చెప్పలేదు. మీ అల్లుడికి వచ్చిన వారంలోనే ఊరంతా తెలిసింది. పేషంట్లు, నర్సులు, రోజంతా మనుషులే. నేను ఇంట్లో లాప్‌టాప్ ముందు, బయట మంచు, సాయంత్రం ఐదింటికే చీకటి. ఆయన ఇంటికొచ్చి ఎంత ప్రశాంతంగా ఉందో అనేవాడు. ఆ ప్రశాంతత నాకు ఒళ్ళు మండేలా చేసేది. ఊరు మారినప్పుడు ఇద్దరూ ఒకే ఊరికి వెళ్ళరు నాన్నా. మీరు పుట్టిన ఊరికి వెళ్తున్నారు. అమ్మ అత్తగారి ఊరికి వెళ్తోంది. అది కూడా ఎప్పుడో కొన్నాళ్ళు తలవంచుకుని ఉన్న ఊరు. దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే పొద్దున పార్కు, సాయంత్రం గుడిలో సహస్రనామం బ్యాచ్, మెట్రో ఎక్కితే మియాపూర్‌లో పిన్ని. అవన్నీ చేర్చుకోవడానికి ఆమెకు ముప్పై ఏళ్ళు పట్టింది. మీరు అమ్ముతానంటున్న ఇంటి రేటులో అవి కలవలేదు.

మీరు వెళ్ళొద్దని నేననడం లేదు. ఇల్లు అమ్మకండి, పై పోర్షన్ అద్దెకిచ్చి కింద మీకు ఉంచుకోండి. ఊళ్ళో ఇంటికి కప్పు, బాత్రూం బాగు చేయించుకుని ఒక ఏడాది ఉండి చూడండి. సంక్రాంతికి వెళ్ళి ఊరు బంగారం అనకండి, ఏప్రిల్, మే నెలల్లో ఉండండి. ఆ రెండు నెలలు బోరు ఏమంటుందో చూశాకే బత్తాయి మొక్కలు కొనండి. ఏడాది తర్వాత వెళ్దామో వద్దో అమ్మ చెప్తుంది, అప్పుడామె ఏది చెప్తే అది. ఇల్లు కొనమని ఇక్కడ మమ్మల్నీ చాలామంది తొందరపెట్టారు, మేం మాత్రం ఇంకా అద్దెకే ఉంటున్నాం. మూడేళ్ళు అయ్యాక ఉండిపోదామా అనే మాట ఈ మధ్య నా నోటి నుంచే వస్తోంది, అది వేరే సంగతి.

అమ్మా, జూన్‌లో వచ్చేటప్పుడు గోంగూర విత్తనాలు, కరివేపాకు మొక్క సంచిలో పెట్టకు. ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా వేస్తారు. ఎండుమిరపకాయల పచ్చడి మాత్రం గట్టిగా సీలు వేయించి తీసుకురా. నాన్నా, వచ్చే నెల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు రిపోర్టుల ఫోటోలు అల్లుడికి పంపండి, ఈసారి మర్చిపోయానంటే ఊరుకోను.

మీ
పెద్దమ్మాయి