అన్ని సెట్లలోనూ ఒకటే వరుస

ప్రియమైన సత్తిబాబూ,

నీ ఉత్తరం అందింది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు తగ్గాయని చదివి మనసు కుదుటపడింది. పిల్లవాడి పరీక్షల సంగతి మాత్రం రాయలేదు, ఈసారి మరిచిపోకు. ఇక నువ్వు అడిగిన అసలు విషయానికి వస్తాను. వైర్‌లెస్ సెట్ల ప్రోగ్రామింగ్, అంటే ఏ ఛానెల్ ఎక్కడ ఉండాలో కంప్యూటరుతో సెట్టులోకి ఎక్కించే పని, మా అగ్నిమాపక కేంద్రంలో మేమే చేసుకుంటున్నామని ఎవరో చెబితే నమ్మలేదన్నావు. నిజమే, చేసుకుంటున్నాం. మీరూ మొదలుపెట్టాలని నా కోరిక, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ఇదివరకు సెట్లను బయటి దుకాణానికి పంపేవాళ్లం. వాళ్లకు పని రాదని అనను. ఇచ్చిన సెట్టు మాట్లాడేలా చేసి పంపేవారు. కానీ ఒక్కో విడతలో కొన్న సెట్లకు ఒక్కో వరుస. ఒక సెట్టులో కంట్రోల్ రూము మొదటి ఛానెల్లో ఉంటే, ఇంకో సెట్టులో అదే నాలుగో ఛానెల్లో ఉండేది. దుకాణంలో బల్ల మీద పెట్టి చూసేవాడికి అందులో తప్పేమీ కనిపించదు. దాన్ని పట్టుకుని పొగలోకి వెళ్లేవాడికి తెలుస్తుంది ఆ బాధ.

కిందటి వేసవిలో ఒక కొబ్బరి పీచు కార్ఖానా అంటుకుంది. పీచు నిప్పు సంగతి నీకు చెప్పాలా! పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. పోర్టబుల్ పంపు కాలువ గట్టు మీద, నాజిల్ పట్టుకున్న మనిషి షెడ్డు వెనక, మధ్యలో తోట. పంపు హోరులో కేకలు వినపడవు. ప్రెషర్ తగ్గించమని చెప్పాలన్నా సెట్టే దిక్కు. చేతికి గ్లవుజు ఉంటుంది, కళ్లలో నీళ్లు కారుతుంటాయి, తెర మీద అక్షరాలు చదివే వీలుండదు. నాబును ఎడమకు ఆగేదాకా తిప్పి, అక్కడినుంచి టిక్కులు లెక్కపెట్టుకోవడం ఒక్కటే మార్గం. ఆ రోజు ఇద్దరి సెట్లలో ఆ లెక్క వేరు. చివరికి ఊరి కుర్రవాడొకడు తోటలోంచి గట్టు మీదికీ, గట్టు మీదినుంచి తోటలోకీ పరుగెత్తి మాటలు మోశాడు. ఆ తరువాతే మా ఆఫీసరుగారు పై అధికారుల అనుమతి తెచ్చి ఈ పని మాకు అప్పగించారు.

కంప్యూటరు తెరవకముందే తెల్లకాగితం మీద వరుస రాసుకున్నాం. నా దృష్టిలో అసలు పని అదే. ఎవరు ఎవరితో మాట్లాడాలి, ఎక్కడ నిలబడి మాట్లాడాలి అన్నది రోజూ బండి ఎక్కేవాళ్లే చెప్పగలరు. నాబు ఎడమ చివర కంట్రోల్ రూము, దాని పక్క టిక్కులోనే మంట దగ్గర వాడుకునే నేరు ఛానెల్, అంటే టవరుతో పని లేకుండా సెట్టునుంచి సెట్టుకు నేరుగా మాట్లాడేది. బండిలో ఉన్న సెట్టయినా, చేతిలో సెట్టయినా, కేంద్రంలో బల్ల మీదిదైనా ఇదే వరుస. పేర్లు కూడా అన్నిటిలో ఒకే రకంగా రాయించాం.

నేరు ఛానెల్ కోసం నేను గట్టిగా పట్టుబట్టాను. నువ్వూ పట్టుబట్టు. మన గోదావరి డెల్టాలో కొండ అన్నది లేదు, నేలంతా బల్లపరుపు. మనం వాడే వీహెచ్ఎఫ్ రేడియో తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. మనిషి చేతిలోని సెట్టుకు, ఎదురుగా ఏ అడ్డూ లేకపోయినా, భూమి వంపు అడ్డొచ్చే అంచు దాదాపు 5 కిలోమీటర్లు. అదే యాంటెన్నా 30 మీటర్ల టవరు మీద ఉంటే ఆ అంచు 22 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే రిపీటరు కావాలి. అది మన మాటను ఒక ఫ్రీక్వెన్సీ మీద విని, మరో ఫ్రీక్వెన్సీ మీద టవరెత్తునుంచి మళ్లీ పలుకుతుంది. కానీ కాంక్రీటు గోదాములో చిక్కుకున్నవాడి మాట టవరు దాకా పోకపోవచ్చు. గుమ్మం బయట నిలబడ్డవాడికి మాత్రం నేరుగా వినపడుతుంది. పైగా తుఫాను వస్తే టవరుకు కరెంటు ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరిచెట్లు ఎలా కూలాయో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. స్తంభాలూ తీగలూ లేని ఆ రాత్రుల్లో పనికొచ్చేది చేతి సెట్టుకు చేతి సెట్టు.

ఇక పని చేసే పద్ధతి. మోడలుకు తగిన కేబులు, సాఫ్ట్‌వేరు కావాలి. చవక కేబుళ్ల జోలికి పోవద్దు. కొన్నింటిలో నకిలీ చిప్పు ఉంటుంది, కంప్యూటరు దాన్ని గుర్తుపట్టక విసిగిస్తుంది. ముందు సెట్టులో ఉన్నదాన్ని చదివి, సెట్టు నంబరూ తేదీ వేసి దాచు. ఆ తరువాతే కొత్తది రాయి. ఒక మోడలు ఫైలును మరో మోడలులోకి ఎప్పుడూ ఎక్కించకు. బ్యాటరీ నిండుగా ఉండాలి. రాస్తుండగా మధ్యలో ఆగిపోతే సెట్టు మొరాయిస్తుంది.

సెట్టుకు అందరి మాటలూ వినపడతాయి, దాని మాట మాత్రం ఎవరికీ వినపడదు. ఈ ఫిర్యాదు మీకూ వస్తుంది, చూడు. అలాంటప్పుడు ముందు పంపే టోను చూడు. మాటతోపాటు సన్నగా, చెవికి ఆనని ఒక స్వరం పోతూ ఉంటుంది. 88.5 హెర్ట్జ్, 100 హెర్ట్జ్, ఇలా దానికి నిర్ణీత అంకెలున్నాయి. రిపీటరు అడిగే టోను లేకపోతే అది ఆ మాటను పట్టించుకోదు. పాపం, చాలామంది బ్యాటరీలు మార్చి, యాంటెన్నాలు మార్చి అలసిపోతారు. మాట నీరసంగానో బొంగురుగానో వస్తే ఛానెల్ వెడల్పు చూడు. ఒక సెట్టు 12.5 కిలోహెర్ట్జ్‌లో, ఇంకొకటి 25లో ఉండి ఉంటుంది.

టైమ్ అవుట్ తప్పకుండా పెట్టు, అంటే మీట అదేపనిగా నొక్కి ఉంటే సెట్టు తనంతట తానే పంపడం ఆపేసే గడువు. మేము 60 సెకన్లు పెట్టాం. బండి సీటు సందులో మైకు మీట నొక్కుకుపోయిందంటే ఛానెలంతా మూగబోతుంది. లోపలున్నవాడు సాయం అడిగినా ఎవరికీ వినపడదు. ఛానెళ్లన్నిటినీ ఒకదాని తరువాత ఒకటి వింటూ తిరిగే స్కాను మాత్రం మంట దగ్గర వాడే సెట్లలో తీసేయించాను. అది ఛానెళ్లు తిరిగి వచ్చేలోపు మొదటి మాట జారిపోతుంది. ‘వద్దు, వెనక్కి రండి’లో ‘వద్దు’ పోకూడదు.

ఫ్రీక్వెన్సీలు మాత్రం మన ఇష్టం కాదు. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ వైర్‌లెస్ విభాగం కేటాయించినవే, లైసెన్సులో ఉన్నవే. ఫైలుకు పాస్‌వర్డు పెట్టి ఇద్దరి దగ్గరే ఉంచు.

ఇంకొకటి. ఇది ప్రోగ్రామింగ్ కాకపోయినా మన నేలకు చాలా ముఖ్యం. మన పొలాల కింద గ్యాసు గొట్టాలున్నాయి. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో తెల్లవారుజామున గ్యాసు గొట్టం పేలి ఏం జరిగిందో మనిద్దరికీ తెలుసు. గ్యాసు వాసన వచ్చే చోటికి మామూలు సెట్టు తీసుకుపోకూడదు. పేలుడు వాయువుల మధ్య వాడటానికి ధ్రువీకరించిన సెట్టే కావాలి, బ్యాటరీ కూడా అలాంటిదే కావాలి. సెట్టు మంచిదే కదా అని వేరే బ్యాటరీ తగిలిస్తే ఆ రక్షణ పోయినట్టే. మేము ఆ సెట్లకు ఎర్ర పట్టీ చుట్టి విడిగా వేలాడదీశాం.

నీకు కుదిరితే వచ్చే ఆదివారం ఒక పరీక్ష చేద్దాం. మీ ఆఫీసరుగారితో చెప్పి, ఒక సెట్టుతో నరసాపురం రేవుకు రా. నేను సఖినేటిపల్లి రేవులో ఉంటాను. మధ్యలో వశిష్ఠ గోదావరి తప్ప ఏ అడ్డూ లేదు. నేరు ఛానెల్లో తక్కువ పవరుతో మాట్లాడి, తరువాత ఒక్కొక్కరం ఊళ్లోకి నడుస్తూ ఎక్కడ మాట తెగుతుందో రాసుకుందాం. వరదల్లో రెండు ఒడ్లవాళ్లం కలిసి పనిచేయాల్సి వస్తే ఆ కాగితం పనికొస్తుంది. అది అయ్యాక పంటు ఎక్కి ఇటు రా, భోజనం మా ఇంట్లోనే. మీ పాత మోడలు సెట్టు ఒకటి, దాని కేబులు కూడా తెచ్చుకో. సాయంత్రానికి మీ వరుస రాసి, ఆ సెట్టులోకి ఎక్కించి పంపుతాను.

నీ
రాంబాబు