దీపాల వేళకి ఇల్లు చేరిన ఏడాది: మా కాలనీ కుటుంబ విహారాల వార్షిక నివేదిక
(2024 ఉగాది నుంచి 2025 ఉగాది వరకు)

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడాది సర్వసభ్య సమావేశంలో అరకు ప్రయాణం మీద జరిగిన రభస ఎవరూ మరిచిపోయి ఉండరు. తెల్లవారుజామున మూడున్నరకి శ్రీకాకుళంలో బయల్దేరాం. ఘాట్ రోడ్డులో సగం మంది పిల్లలు వాంతులు చేసుకున్నారు. అక్కడ తిరిగింది రెండు గంటలు, మిగతాదంతా బస్సులోనే. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ సమావేశంలోనే మీరంతా కలిసి తీర్మానం చేశారు: ఏడాదికొక పెద్ద ప్రయాణం మానేసి, కాలానికి తగ్గట్టు దగ్గరలోనే చిన్న చిన్నవి వేసుకుందామని. షరతులు రెండే. ఒకవైపు ప్రయాణం గంటన్నరకి మించకూడదు. దీపాలు పెట్టే వేళకి ఎవరింట్లో వాళ్ళుండాలి.

ఆ ప్రకారం ఆరు అనుకున్నాం, ఆరూ జరిగాయి. ఒకటి మాత్రం ఐదు నెలలు ఆలస్యంగా జరిగింది. రెండో షరతు ఒక్కసారి కూడా తప్పలేదని చెప్పుకోవడానికి కార్యవర్గానికి కాస్త గర్వంగానే ఉంది. మిగతావన్నీ సవ్యంగా సాగాయని మాత్రం చెప్పలేం.

కార్యదర్శిగా మొదటి తప్పు నాదే. ఏప్రిల్ 28న, నడివేసవిలో, బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం కొండ పెట్టాను. పొద్దున్నే వెళ్ళి తొమ్మిదికల్లా దిగిపోదామని నా లెక్క. బస్సు గంట ఆలస్యంగా వచ్చింది, టిఫిన్ల దగ్గర మరో ముప్పావు గంట పోయింది. కొండ మెట్లెక్కడం మొదలుపెట్టేసరికే ఎండ నెత్తి మీదికొచ్చింది. పైన నీడ తక్కువ. ఇటుక స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార, దాని చివర సముద్రం కనిపిస్తాయి. ఆ దృశ్యం కోసమైనా ఎక్కాల్సిన కొండే. కానీ నీళ్ళ క్యాన్లు నాలుగూ కింద బస్సులోనే ఉండిపోయాయి! "ఏటి బాబూ, ఇంతమందిని తెచ్చి మంచినీళ్ళు తేలేదేటి?" అని రెండో వీధి మామ్మగారు అడిగిన మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇద్దరు కుర్రాళ్ళు కిందికి పరుగెత్తి క్యాన్లు మోసుకొచ్చారు. వాళ్ళకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆ ఎండలోనూ పిల్లలకి గుర్తుండిపోయింది చక్రం ఆకారంలో కట్టిన స్తూపం పునాది. బండిచక్రానికి ఆకుల్లాగా మధ్య నుంచి గోడలు అంచుకి వెళ్తాయి. 1919లో ఈ బౌద్ధ శిథిలాల్ని గుర్తించింది గిడుగు రామమూర్తి గారని చెబితే, "వాడుక భాష ఆయనేనా?" అని తొమ్మిదో తరగతి పాప అడిగింది. ఆయనే. పుట్టింది కూడా వంశధార ఒడ్డునే, పర్వతాలపేటలో. శాలిహుండం మళ్ళీ పెట్టాలి, కానీ మాఘమాసంలో.

జూలై 13, రెండో శనివారం, ఖద్దరుకి పేరున్న పొందూరు వెళ్ళాం. వానాకాలంలో బయట తిరగడం ఎలాగని చాలామంది సందేహపడ్డారు. ఇక్కడ తిరుగుడంతా ఓ ఇంటి అరుగు మీంచి ఇంకో ఇంటి అరుగు మీదికి, మధ్యలో జల్లు పడితే చూరు కిందికి. ఏడాదిలో అందరికీ బాగా నచ్చింది ఇదే అనుకుంటాను. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారని వినడం వేరు, చూడటం వేరు. దవడ అరచేతిలో పట్టేంత ఉంటుంది. దానికి సన్నని ముళ్ళలాంటి పళ్ళు వరసగా ఉంటాయి. అక్కడ నూలు వడికే ఒకావిడ ఎడమచేత్తో గింజతో ఉన్న పత్తి పట్టుకుని కుడిచేత్తో మెల్లగా దువ్వుతుంటే, నలకా చెత్తా రాలిపోయి పోగులన్నీ ఒకే వైపు తిరుగుతున్నాయి. తర్వాతే గింజ తీయడం, ఏకడం (దూది పొంగేలా విడదీయడం), ఏకులు, అంటే వడకడానికి దూది చుట్టలు, చుట్టడం. ఆ ఏకులు మాసిపోకుండా ఎండిన అరటి దొప్పలో పెడతారు. "ఇనప దువ్వెన పెట్టొచ్చు కదా?" అని మన ఇంజనీరు గారు అడిగారు. ఆవిడ నవ్వి, "పోగు తెగిపోద్ది బాబూ" అంది. మా అబ్బాయి దవడ చేతిలోకి తీసుకుని ఒక్కసారి దువ్వి, పత్తిని చిందరవందర చేసి ఇచ్చేశాడు. ఆవిడేమీ అనలేదు గానీ మళ్ళీ మొదటినుంచి దువ్వుకుంది. ఇలా నూలు వడికే వాళ్ళ పని పాడు చేయకుండా ఎలా చూడాలో మనమింకా నేర్చుకోవాలి. యాభై మంది ఒక్కసారే వెళ్ళడం తప్పు. ఈసారి పదేసి మందిగా వెళ్దాం.

సెప్టెంబరు 1, ఆదివారం, కళింగపట్నం అనుకున్నాం. అడ్వాన్సు కట్టేశాం, పులిహోరకి చింతపండు నానబెట్టేశాం. ఆ తెల్లవారుజామునే వాయుగుండం సరిగ్గా కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ముందురోజు మధ్యాహ్నం రద్దు చేస్తే, "చిన్న వానకి భయపడ్డారు" అని వాట్సాప్‌లో ఇద్దరు ముగ్గురు ఎత్తిపొడిచారు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు చూసిన ఊరు మనది. సముద్రం పక్కకి పిల్లల్ని తీసుకెళ్ళే విషయంలో కార్యవర్గం ఇకముందూ భయపడుతూనే ఉంటుంది. అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది. ఆ బస్సు యజమానితో ఇక మాట్లాడదల్చుకోలేదు.

అక్టోబరు 2న అరసవల్లి. ఖర్చు లేదు, బస్సు లేదు, కాలనీ నుంచి నడకే. మార్చిలో, అక్టోబరు మొదట్లో ఉదయపు కిరణాలు గుడిలో సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడతాయని వెళ్ళాం. అది కొద్ది నిమిషాల ముచ్చట. మేం క్యూలో లోపలికి చేరేసరికి ఆ సమయం దాటిపోయింది. తిరిగొస్తూ బజ్జీలు తిన్నాం, అంతే. పిల్లలకి మాత్రం చీకట్లో నడిచి వెళ్ళడమే పండగ.

ఇక కార్తీక వనభోజనాలు. నవంబరు 17న శ్రీముఖలింగం దగ్గర, వంశధార గట్టు పక్క మామిడితోటలో. తోట యజమాని పైసా తీసుకోలేదు, తిన్న విస్తరాకులు మాత్రం గొయ్యి తీసి పూడ్చమన్నారు. పూడ్చాం. ఉసిరి చెట్టు ఉందని విని వెళ్ళాం, లేదు. ఉన్నది పక్క తోటలోనట. పెద్దవాళ్ళు సందేహంలో పడితే, నాలుగో వీధి అత్తయ్యగారు పక్క తోటకి పోయి అడిగి ఓ కొమ్మ తెచ్చి, మామిడి మొదట్లో గుచ్చి, దానికే పసుపు కుంకుమ పెట్టి దీపం వెలిగించేశారు. "చెట్టయితేనేం, కొమ్మయితేనేం, ఆకలేస్తోంది" అన్నారు మామయ్యగారు.

అసలు టెన్షన్ అంతకు ముందే. మాట్లాడుకున్న వంటమనిషి ఆ పొద్దున ఫోన్ ఎత్తలేదు. ఏడు గంటలకి తెలిసింది. ఎనిమిదిన్నరకల్లా ఆరిళ్ళ నుంచి రెండు గ్యాస్ పొయ్యిలు, మూడు పెద్ద గిన్నెలు, ఒక గంగాళం బస్సెక్కాయి. ఉల్లీ వెల్లుల్లీ లేకుండా కందబచ్చలి కూర, చిక్కుడుకాయ వేపుడు, పులిహోర, బెల్లం పరమాన్నం. మగవాళ్ళు కూరలు తరిగారని నివేదికలో రాయమన్నారు, రాస్తున్నాను. కంద తరిగి చేతులు దురద పెట్టి చింతపండు రుద్దుకుంటూ కూర్చున్నారని కూడా రాస్తున్నాను.

భోజనాలయ్యాక మధుకేశ్వరుడి గుడికి వెళ్ళాం. ఇప్ప చెట్టు మొదట్లో వెలిసిన స్వామని స్థల కథ. ఇప్పచెట్టుకి సంస్కృతంలో మధుకమని పేరు. లింగం వెనక ఉన్న పెద్ద మట్టి గోలెం చూసి పిల్లలు అదెలా లోపలికొచ్చిందని అడుగుతూనే ఉన్నారు. సోమేశ్వరుడి గుడి గోడల మీది శిల్పాలు సాయంత్రపు ఎండలో చూడాలి. కానీ దీపాల షరతుంది కదా, నాలుగింటికే బయల్దేరిపోయాం. శివరాత్రి రోజుల్లో మాత్రం పెద్దవాళ్ళతో ఇక్కడికి వద్దు, ఆ జనంలో ఒకరినొకరు వెతుక్కోవడమే సరిపోతుంది.

డిసెంబరు 22న తేలినీలాపురం. టెక్కలి దాటి నౌపడ వైపు, ఉప్పు మళ్ళున్న దిక్కు. పొద్దున పొగమంచు వల్ల బస్సు నెమ్మదిగా వెళ్ళింది. ఊళ్ళోకి దిగగానే పక్షుల గోల, ఆ వాసన. చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. సైబీరియా పక్షులని ఊళ్ళో అంటారు. మన కోశాధికారి గారికి పక్షుల పిచ్చి, ఆయన ఊరుకోరు: గూడబాతు మన దేశంలోనే గూడు కట్టి పిల్లల్ని చేసే పక్షని బస్సులో అరగంట వాదించారు. ఆ గ్రామస్తులు వాటిని అతిథుల్లా చూసుకుంటారన్నది మాత్రం నిజం. పిల్లపక్షి తల మొత్తం తల్లి ముక్కు సంచిలోకి దూర్చి చేప లాక్కుని తింటుంటే, యూకేజీ బాబు ఒకడు "అమ్మ దాన్ని మింగేస్తోంది!" అని ఏడుపు లంకించుకున్నాడు. మనవాళ్ళలో ఒకరు ఫోన్లో పాటలు గట్టిగా పెట్టడం బాగోలేదు. ఎవరో ఆయనకి తెలుసు.

ఫిబ్రవరి 9న ఎట్టకేలకు కళింగపట్నం, దారిలో శ్రీకూర్మం. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్ళు తోటకూర నములుతుంటే పిల్లల్ని కదపడం కష్టమైంది. స్వామి పడమటి ముఖంగా ఉండటం వల్ల గుడికి రెండు ధ్వజస్తంభాలుంటాయి, అది చూపించడానికి కూడా టైము చాలలేదు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట ఒడ్డు ఎక్కడ జారుతుందో చెప్పలేం. అందుకని ఇద్దరు పిల్లలకి ఒక పెద్ద చొప్పున అప్పగించి, మోకాలు దాటి నీళ్ళలోకి దిగనివ్వలేదు. అరగంటకోసారి తలలు లెక్కపెట్టాం. ఒకసారి ఒకరు తగ్గారు. లైట్‌హౌస్ నీడలో నిద్రపోతున్న తాతగారు.

జమాఖర్చులు: పెద్దలకి 200, పిల్లలకి 100 రూపాయల చొప్పున ప్రయాణానికి వసూలు చేశాం. వివరాల పుస్తకం కోశాధికారి గారి దగ్గరుంది, ఎవరైనా చూడొచ్చు. సెప్టెంబరు అడ్వాన్సు నష్టాన్ని కార్యవర్గ సభ్యులు ఐదుగురం పంచుకున్నాం.

వచ్చే ఏడాదికి సభ్యులు సూచించినవి: విజయనగరం వైపు రామతీర్థం, తాటిపూడి జలాశయం, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ళు. రామతీర్థం శ్రీరామనవమికే వెళ్దామని కొందరంటున్నారు. కల్యాణం జనంలో పిల్లలతో కష్టం, ఆ తర్వాతి ఆదివారం, ఏప్రిల్ 13, పొద్దున ఐదున్నరకి బయల్దేరి పదకొండుకి తిరిగొచ్చేలా ప్రతిపాదిస్తున్నాం. నీళ్ళ క్యాన్లు ఈసారి నేనే స్వయంగా దింపుతాను.

ముఖలింగంలో దొరికిన స్టీలు క్యారేజీ గిన్నె, కళింగపట్నంలో దొరికిన పసిపిల్లల ఎడమకాలి చెప్పు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. తమవైనవాళ్ళు వచ్చి తీసుకెళ్ళగలరు.

కార్యదర్శి